మూడు పూటలు కలిస్తే ఒక రోజు

పోయినవాటి లెక్క ముందు రాస్తాను. తొమ్మిది నెలల గడువు. ఏడు పోలిక పట్టికలు. కంపెనీల వాళ్లు వచ్చి చూపించిన డెమోలు నాలుగు. ఎంసీఏ చదివే ఇద్దరమ్మాయిల దసరా సెలవులు, పదమూడు రోజులు. నావి ముప్ఫై ఒక్క సాయంత్రాలు. ఒక శుక్రవారం మధ్యాహ్నం, రెండూ నలభై నుంచి ఐదు దాకా. తొమ్మిది పేర్లున్న ఒక జాబితా. ఆ తొమ్మిదిలో ఎనిమిది పేర్లు తర్వాత దొరికాయి, ఒకటి దొరకలేదు. చివరగా, పోయిన నెల, ఆయన.

ఆయన పోయిన సంగతి మా ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో రెండు లైన్లుగా వచ్చింది. కింద నలభై ఆరు దండాల బొమ్మలు. నలభై ఏడోది నేను పెట్టలేకపోయాను. వేలు ఆ బొమ్మ దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన మీద కోపం ఇంకా తీరలేదని అప్పుడే తెలిసింది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోవడం మర్యాద కాదంటారు. నాకు మర్యాద కంటే లెక్క తేలడం ముఖ్యం.

మా యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టల్ మెస్సుల లెక్కలు చూసే ఆఫీసుకు ఆయన సూపరింటెండెంటు. నేను ఆయన కింద అసిస్టెంటుని. ఇంటర్‌తో చదువు ఆపి, ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం ముందు పెట్టుకుని కంప్యూటర్‌లో లెక్కల షీట్లు చేయడం నేర్చుకున్నదాన్ని. ఆయనది కోస్తా నుంచి వచ్చి విద్యానగర్‌లో స్థిరపడిన కుటుంబం. రోజూ ఇంటి నుంచి క్యాంపస్ లోపలి దారిలో నడిచి వచ్చేవారు. అందరినీ ‘అండీ’ అనేవారు. వంటగదిలో కూరగాయలు తరిగే సత్తెమ్మను కూడా ‘సత్తెమ్మ గారూ’ అనేవారు. ఆమె నవ్వేది. “గారూ అంటే నా ఎన్క ఇంకెవరో నిలబడ్డరనిపిస్తది సారూ” అనేది.

బల్ల మీద ఒక తెల్ల కాగితం ఉంటే ఆయన చేతులు ఊరుకునేవి కావు. దాన్ని నిలువుగా మధ్యకి మడిచి, బొటనవేలి గోటితో మడత మీద గట్టిగా గీసి, మళ్లీ విప్పేవారు. ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి. ఒక కొసన ఎరుపు, ఇంకో కొసన నీలం ఉండే పెన్సిలు ఒకటి ఆయన జేబులో ఎప్పుడూ ఉండేది. ఎడమవైపు ఎర్రగా, కుడివైపు నీలంగా రాసేవారు. రెండు వైపులా నిండాక కాసేపు చూసి, “ఇంకొక్కసారి చూద్దాం” అని ఇంకో కాగితం తీసుకునేవారు. ఆ మాట ఆయన నోట రోజుకు ఎన్నిసార్లు వచ్చేదో ఒక వారం లెక్క పెట్టాను. తక్కువ వచ్చిన రోజు పద్నాలుగు.

ఒకసారి ఇద్దరం తార్నాక చౌరస్తా దగ్గర బ్యాంకు పని మీద వెళ్లాం. ఆయన చెప్పు తెగింది. చెప్పులు కుట్టే మనిషి పక్కనే కూర్చుని ఉన్నాడు. కుట్టిస్తే ఎన్నాళ్లు వస్తుంది, అడుగు మార్పిస్తే ఎన్నాళ్లు, కొత్తవి కొంటే ఎన్నాళ్లు, కొత్తవాటిలో పట్టీ తోలుదా రబ్బరుదా అని ఈయన వరసగా అడిగారు. జేబులోంచి బస్సు టికెట్టు తీసి, దాన్ని కూడా నిలువుగా మడిచి రాసుకున్నారు. ఆ మనిషి కాసేపు ఓపిక పట్టి, “సార్, మీ చెప్పు గంత అరగలే. నా పానమే అరుగుతున్నది. ఒక్క మాట చెప్పుండ్రి” అన్నాడు. ఈయన నొచ్చుకోలేదు. ఇంకొక్కసారి చూసుకుని వస్తానన్నారు. ఒంటి చెప్పుతో విద్యానగర్ దాకా నడిచారు. నేను ఆటో ఎక్కమంటే, ఆటోకి ఇచ్చేది ఏ పద్దులో రాయాలో తేల్చుకున్నాక ఎక్కుతానన్నారు. అది హాస్యమనే అనుకున్నాను. కాదు.

కానీ ఆయన్ని వెర్రివాడు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ రిజిస్టర్ల సంగతి చెబితే ఎందుకో తెలుస్తుంది.

మెస్సులో పని మూడు పూటలు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి భోజనం. రోజుకూలీల హాజరు రిజిస్టరులో రోజుకు ఒక గడి ఉండేది. మూడు పూటలూ ఉంటే వచ్చినట్టు, ఒక్క పూట తప్పితే రానట్టు. ఆయన వచ్చిన మొదటి నెలలోనే స్కేలు పెట్టి ప్రతి గడినీ మూడుగా గీశారు. పూటకొక నిలువు గీత. మూడు గీతలు కలిస్తే ఒక రోజు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఒకసారి తనే వంటగదిలోకి వెళ్లి, మనిషిని కళ్లతో చూసి గీత పెట్టేవారు. పదకొండేళ్లు అలా పెట్టారు. పదకొండు రిజిస్టర్లు. వాటిలో ఒక్క కొట్టివేత లేదు.

ఆ గీతల వల్ల ఎక్కువ మేలు జరిగింది సత్తెమ్మకే. ఆమెది నల్లగొండ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. నగరానికి వచ్చి బౌద్ధనగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నారు. భర్త మంచం పట్టిన నాలుగైదేళ్లు ఆమె మధ్యాహ్నం పూట ఇంటికి వెళ్లి అతనికి అన్నం తినిపించేది. ఆ రోజుల్లో ఆమెవి రెండు గీతలే. పాత పద్ధతిలో అయితే అవన్నీ రాని రోజులు.

అప్పుడు ఆ ఉత్తరువు వచ్చింది. అంతకు ముందు నెలాఖరు నాటికి రెండు వేల నాలుగు వందల రోజులు పూర్తిచేసిన రోజుకూలీలను నెల జీతానికి మారుస్తారు. వాళ్లు పని మానేటప్పుడు, మొదటి నుంచి చేసిన రోజులన్నీ లెక్కించి, కాగితం రాసి, దానికి తగ్గ మొత్తం చేతిలో పెడతారు. అయితే చేత్తో రాసిన జాబితాలూ, ఎవరికి వాళ్లు చేసుకున్న షీట్లూ చెల్లవు. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన జాబితానే పంపాలి. ఆ సాఫ్ట్‌వేర్ కొంటారో చేయించుకుంటారో ఏ ఆఫీసుకు ఆ ఆఫీసే తేల్చుకోవాలి. గడువు తొమ్మిది నెలలు.

అలాంటి ప్రశ్న ఆయనకు పంపడమంటే ఏమిటో పైవాళ్లకు తెలియదు.

మొదటి నెలలోనే నాలుగు కంపెనీల వాళ్లు వచ్చారు. మూడోవాడిది బాగుంది. ధర కూడా మాకిచ్చిన పరిమితిలోనే ఉంది. రెండు వారాల్లో పని మొదలుపెట్టేస్తానన్నాడు. ఆయన వాడికి సత్తెమ్మ పేజీ చూపించి, రెండు గీతలున్న రోజును మీ దాంట్లో ఎక్కడ వేస్తారని అడిగారు. వచ్చాడు, రాలేదు, సగం రోజు అని మూడే ఉన్నాయన్నాడు వాడు.

“రెండు పూటలంటే హాఫ్ డే కొట్టుండ్రి సార్. అందరు గట్లనే చేస్తున్నరు.”

“అందరూ అంటే ఎంతమందండీ?”

వాడు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఆ సాయంత్రం పదకొండు రిజిస్టర్లూ ముందేసుకుని, మూడు పూటలూ ఇంచుమించు పూర్తిగా చేసిన ఎనిమిది మంది గీతలూ, సత్తెమ్మ గీతలూ నేను లెక్కకట్టాను. సత్తెమ్మవి మూడు గీతల రోజులు 1,905. రెండు గీతలవి 900. ఒక్క గీతవి 66. గీతలన్నీ కలిపితే 7,581. మూడుతో భాగిస్తే సరిగ్గా 2,527 రోజులు. కావలసినదానికంటే నూట ఇరవై ఏడు ఎక్కువ. అదే ఆ కొనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే రెండు గీతలకూ సగమే, ఒక గీతకూ సగమే. మొత్తం 2,388. పన్నెండు రోజులు తక్కువ.

మిగతా ఎనిమిది మందీ ఎందులో వేసినా దాటుతారు. అంటే కొనడమా చేయించడమా అన్న ప్రశ్న మొత్తం ఒక్క మనిషి మీద నిలబడింది. ఆ కాగితం ఆయనకిచ్చాను. చాలాసేపు చూశారు. పెన్సిలు తిప్పి, 2,388 కింద ఎర్రగా గీత గీసి, “అయితే కొనకూడదండీ” అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది నాకు. ఆయన అంత తొందరగా ఒక మాట తేల్చి చెప్పడం అదే మొదటిసారి.

మర్నాటికి ఇంకో కాగితం మడిచారు.

కొనకుండా చేయిస్తే ఎవరు చేస్తారు? చేసినవాళ్లు వెళ్లిపోతే ఎవరు బాగుచేస్తారు? కొన్నదానికి కంపెనీ ఉంటుంది, దీనికి ఎవరుంటారు? అన్నీ సరైన ప్రశ్నలే. వాటి మీద నాలుగు నెలలు పోయాయి. ప్రతి పట్టికలోనూ ఎడమవైపు ఎరుపూ కుడివైపు నీలమూ సమానంగా దిగేవి. ఒక వైపు బరువు పెరిగితే, పాపం అనుకుని రెండో వైపు ఇంకో కారణం వెతికేవారు. ఐదో పట్టికలో కొనడం వైపు ‘కంపెనీవాళ్లు టైముకి వస్తారు’ అని రాసి ఉంది. డెమోకి ఆ కంపెనీ మనిషి పది నిమిషాలు ముందుగా వచ్చాడు, అందుకని.

నాకు ఒక ఉపాయం తట్టింది. ఆ సాఫ్ట్‌వేరే కొందాం. దానికి రోజు అంటే ఏమిటో తెలియదు కదా. ఒక్కో గీతనూ ఒక రోజుగా ఎక్కిద్దాం. సత్తెమ్మకు అది 7,581 రోజులు చూపిస్తుంది. పైన ‘ఇవి పూటలు, మూడుతో భాగించాలి’ అని రాసి, అందరికీ అదే పద్ధతిలో పంపుదాం. రెండు వారాల్లో అయిపోతుంది. ఇది చెప్పినప్పుడు ఆయన ముఖం వెలగడం చూశాను. తర్వాత ఆరిపోవడమూ చూశాను.

“అంటే యంత్రానికి అబద్ధం చెప్పి నిజం రాబట్టడమా అండీ?”

అబద్ధం కాదు సార్, కొలత మార్చడం అన్నాను. మీటర్లను అడుగుల్లో చెబితే అబద్ధమవుతుందా అన్నాను. గంటసేపు వాదించాను. ఆయన ఓపిగ్గా విని, కాగితం మీద మూడో నిలువు మడత పెట్టారు. నా ఉపాయానికి అందులో స్థానం దొరికింది. అంతకంటే ఇంకేమీ దొరకలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ, ఆయన ఒకే ఒక్కసారి పాత సంగతి చెప్పారు. ఇక్కడికి రాకముందు వేరే సెక్షన్‌లో ఉన్నప్పుడు ఒక వాచ్‌మన్ హాజరు గురించి రెండు కాగితాల మీద సంతకం పెట్టారట. ఒకదానిలో ఒక రోజు తేడా. ఆడిట్ వాళ్లు రెండూ పక్కపక్కన పెట్టి, ఇందులో ఒకటి దొంగలెక్క అన్నారు. ఆయనకు ఒక మెమో వచ్చింది. వాచ్‌మన్‌కి పని పోయింది. “ఒక రోజేనండీ” అన్నారు, గ్లాసులోకి చూస్తూ. నాకు అప్పుడు ఆయన పద్నాలుగు ‘ఇంకొక్కసారి’లూ కొంత అర్థమయ్యాయి. కోపం తగ్గలేదు. అర్థమయ్యాక ఇంకా చిరాకు పెరిగింది. ఏమీ తెలియని మనిషి అయితే కసురుకుని పని చేయించవచ్చు.

ఐదో నెల చివరికి చేయించడమే అని తేల్చారు. మా క్యాంపస్‌లోనే ఎంసీఏ ఆఖరి ఏడాది చదివే ఇద్దరమ్మాయిలు తమ ప్రాజెక్టుగా చేస్తామన్నారు. చురుకైన పిల్లలు. మొదటి వారంలోనే గీతలు ఎక్కించే పేజీ చేసి చూపించారు. మూడు గడులు, వేలితో నొక్కితే గీత పడుతుంది. ఆయన పిల్లాడిలా సంబరపడి, నొక్కి, తుడిచి, మళ్లీ నొక్కారు. అక్కడితో ఆపి ఉంటే నెలన్నరలో ముగిసేది.

“ఇంకొక్కటి పెట్టగలరా అండీ?” అని మొదలైంది. ఒకరి పూట ఇంకొకరు చేస్తే ఎవరి పేరున పడాలి? పరీక్షల రోజుల్లో నాలుగో పూటగా టీ ఇస్తాం కదా, దానికి గీత ఉండాలా? వేసవిలో మెస్సు మూసినప్పుడు బియ్యం చెరగడానికి పిలిస్తే? ప్రతి ప్రశ్న వెనకా నిజమైన మనిషి ఉన్నాడు, నిజమైన పూట ఉంది. ఆయన ఊహించి ఒక్కటీ అడగలేదు. అమ్మాయిలు దసరా సెలవుల్లో ఇళ్లకు వెళ్లకుండా చేశారు. వాళ్లలో పొట్టి అమ్మాయి ఒకరోజు నా దగ్గరికి వచ్చి, “మేడం, సార్ మంచిగనే అడుగుతడు. గందుకే కాదనలేకపోతున్నం. జర మీరన్నా ఆపుండ్రి” అంది. ఆపలేకపోయాను. వాళ్లు చేసినంత మేరకు పాత రిజిస్టర్ల గీతలు ఎక్కించడం నా పని. ఆ ముప్ఫై ఒక్క సాయంత్రాలు అందుకే పోయాయి.

ఆఖరి రోజు శుక్రవారం. సాయంత్రం ఐదుకు జాబితా పంపే లింకు మూసేస్తారు. రెండూ నలభైకి ప్రింటు చేతికొచ్చింది. తొమ్మిది పేర్లు. ఎనిమిదింటికీ నా లెక్కా ప్రింటూ ఒకటే. సత్తెమ్మ పేరు ఎదురుగా 2,526.

“ఒక రోజు ఏమైందండీ?” అన్నారు ఆయన.

అమ్మాయిలిద్దరూ పరీక్ష హాల్లో ఉన్నారు, ఫోన్లు ఎత్తరు. నేను కూర్చుని చూశాను. ఇరవై నిమిషాల్లో తెలిసింది. ప్రోగ్రాము ప్రతి నెలా పూటలను మూడుతో భాగించి, చుక్క తర్వాత రెండంకెలు ఉంచుకుని, ఆ నెలలన్నీ కూడుతోంది. ఒక పూట మిగిలిన నెలలు సత్తెమ్మకు ముప్ఫై మూడు, రెండు పూటలు మిగిలినవి ఇరవై ఏడు. ఒక రకం నెలకు రవ్వంత తగ్గుతుంది, రెండో రకానికి అంతే రవ్వంత పెరుగుతుంది. తగ్గినవి ఆరు ఎక్కువ కాబట్టి మొత్తం 2,526.98 వచ్చింది. ప్రింటు చుక్క తర్వాతది కోసేసింది.

“సార్, రోజు ఎక్కడికీ పోలేదు. చుక్క వెనక ఉన్నది” అన్నాను. కాగితం మీద వేసి చూపించాను. ఆయన తల ఊపారు. నిజంగానే అర్థమైంది ఆయనకి, లెక్కలో ఆయన నాకంటే తక్కువవారు కాదు.

“అర్థమైందండీ. కానీ నా చేతి రిజిస్టర్లు రెండువేల ఐదువందల ఇరవై ఏడు అంటున్నాయి, ఇది ఇరవై ఆరు అంటోంది. నా సంతకం రెండిటి మీదా ఉంటుంది.”

“రెండూ రెండువేల నాలుగొందలు దాటినయి సార్. ఇరవై ఆరైనా ఆమెకు చాలు.”

“ఈ రోజుకి చాలండీ. రేపు ఎవరో రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే? మెమో నాకు వస్తుంది. తీసేసేది ఆవిడనండీ. ఇంకొక్కసారి చూద్దాం.”

పదకొండు రిజిస్టర్లూ బల్ల మీదికి వచ్చాయి. మొదటి ఏడాది, మొదటి నెల నుంచి, పెన్సిలు కొసతో గీతను గీతను తాకుతూ ఆయన లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను మూడున్నరకి ఒకసారి చెప్పాను. నాలుగుకి ఒకసారి చెప్పాను. ముందు పంపేద్దాం, తేడా ఎందుకొచ్చిందో వివరంగా రాసి సోమవారం ఇంకో ఉత్తరం పెడదాం అన్నాను. ఆయన ఎడమచెయ్యి ఎత్తి, ఆగమన్నట్టు గాలిలో ఉంచారు. పెదాలు కదులుతున్నాయి. లెక్క తప్పుతుందని మాట్లాడలేదు.

నాలుగుంబావుకి సత్తెమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “అయిందా సారూ?” అంది. ఆయన తలెత్తకుండా, “అవుతుందండీ, కూర్చోండి” అన్నారు. ఆమె మెట్టు మీద కూర్చుంది. ఫ్యాను కింద రిజిస్టరు పేజీలు లేస్తుంటే ఆయన మోచేతితో అదిమి పెట్టుకున్నారు.

జాబితా నా ముందున్న కంప్యూటర్‌లోనే తెరిచి ఉంది. పంపు అన్న బొత్తాం కనిపిస్తూనే ఉంది. పాస్‌వర్డ్ నాకు తెలుసు, ఆయనకు గుర్తుండదని పెట్టింది నేనే. నొక్కలేదు. సంతకం ఆయనది, పంపడం నా పని కాదు అనుకున్నాను. ఇన్నేళ్లు జాగ్రత్త మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది. ఆయన మీద కోపం అన్నానుగాని, ఆ కోపంలో ఎన్నో వంతు నా మీదో ఇప్పటికీ విడదీసి చూసుకోలేదు.

ఐదుకి ఆయన తొమ్మిదో రిజిస్టరులో ఉన్నారు. తెర మీద బొత్తాం బూడిదరంగుకి మారింది. “సార్” అన్నాను. చెయ్యి అలాగే గాలిలో ఉంది. ఐదూ ఇరవైకి పదకొండోది మూసి, కళ్లజోడు తీసి, ఎంతో తేలికపడ్డ గొంతుతో అన్నారు.

“రెండువేల ఐదువందల ఇరవై ఏడు. మీరు చెప్పిందే కరెక్టండీ.”

ఆ తర్వాత గడియారం చూశారు.

గడువు పొడిగించమని ఆయన ఆరు ఉత్తరాలు రాశారు. ఆరూ ఆయన చేతిరాతే. ఒక్కదానికి జవాబు వచ్చింది. తర్వాతి విడతలో పంపుకోవచ్చని. ఆ శుక్రవారం తర్వాత నాలుగు నెలలకు ఆయన రిటైరయ్యారు. పద్నాలుగు నెలలకు తర్వాతి విడత వచ్చింది. అప్పటికి పైవాళ్లే అన్ని ఆఫీసులకూ ఒకే సాఫ్ట్‌వేర్ కొనేశారు. అందులో రెండు పూటలంటే సగం రోజు. ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిది మంది పేర్లూ ఒక్క పూటలో పంపాను, ఎనిమిదీ వచ్చాయి. సత్తెమ్మకు అంతకు రెండు నెలల ముందే అరవై నిండాయి. ఆమెను పని నుంచి ఆపేశారు. అరవై దాటినవాళ్ల పేరు ఎక్కించబోతే ఆ సాఫ్ట్‌వేర్ గడినే తెరవదు.

రిటైరయ్యాక ఆయన నాకు ఒక్కసారే కనిపించారు, తార్నాకలో, జామకాయల బండి దగ్గర. ఒక్కో కాయనూ చేతిలోకి తీసుకుని, తొడిమ చూసి, మళ్లీ పెడుతున్నారు. బండి అతను వేరేవాళ్లకు తూచి ఇచ్చేస్తూ ఈయన సంగతి మరిచిపోయాడు. నన్ను చూడగానే పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టారు. “ఆ చుక్క తర్వాత రెండంకెలు కాకుండా నాలుగు పెట్టించి ఉంటే ఆ రోజు దొరికేదేమోనండీ” అన్నారు. దాన్నే ఆలోచిస్తున్నారన్నమాట, అన్నాళ్లూ.

దొరకదని చెప్పాను. నాలుగు పెడితే 2,526.9998 వస్తుంది, ప్రింటు అప్పుడూ కోసేస్తుంది. పూటలన్నీ ముందు కూడి, ఆఖర్న ఒక్కసారి భాగించాలి, అంతే. మొదట నా కాగితంలో ఉన్నది అదేనని అనలేదు. ఆయన జామకాయ చేతిలో అలాగే పట్టుకుని, “అవునండీ, అలా చేయించి ఉండాల్సింది” అన్నారు. సత్తెమ్మ ఎలా ఉందని అడిగారు. తెలియదన్నాను. నిజంగానే అప్పటికి నాకు తెలియదు. కనుక్కుంటానన్నారు. కనుక్కున్నారో లేదో నాకు తెలియదు. ఆయన దేని గురించీ అబద్ధం చెప్పలేదు కాబట్టి, కనుక్కోవడం ఎలాగో అని ఒక కాగితం మడిచే ఉంటారు.

వాట్సాప్‌లో ఆ కబురు వచ్చిన నాలుగో రోజు నేను సత్తెమ్మను వెతుక్కుంటూ వెళ్లాను. మెస్సు వంటగదిలో అడిగితే చెప్పారు. తార్నాక లోపలి వీధిలో ఒక కర్రీ పాయింట్ ఉంది, సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు కూరలు కట్టించుకుపోయే కొట్టు. వెనక వాకిట్లో ఆమె కత్తిపీట ముందు కూర్చుని బీరకాయలు చెక్కుతోంది. పక్కన రెండు గంపలు. భర్త పోయాడట, నిరుడు. ఇక్కడ పూటల గొడవ లేదు, గంపల లెక్క అంది.

సారు పోయారని చెప్పాను. చేతిలో కాయ కత్తిపీట మీద ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది.

“మంచి సారు. నన్ను గారూ అన్నోడు గాయనొక్కడే” అంది.

ఇంకో రెండు కాయలు అయ్యాక, నా వైపు చూడకుండానే అంది.

“నా ఒక్క రోజు కోసమని గంతసేపు ఎతికిండు మేడం. నా పదకొండేండ్లు గాడ బల్ల మీదనే ఉండె గద. గవి అగుపియ్యలేదా సారుకు?”

దీనికి నేను ఇచ్చుకోగల జవాబులు చాలా ఉన్నాయి. వాచ్‌మన్ సంగతి ఉంది, చుక్క సంగతి ఉంది. అవన్నీ ఆయన పట్టికల్లో ఒక వైపుకు సరిపోయే జవాబులు. గంప అంచు మీద చెయ్యి వేసి నిలబడ్డాను.

“నీకు కూడ అగుపడ్డయి గద, మేడం” అంది. నెమ్మదిగానే అంది. కోపం ఉంటే బాగుండుననిపించింది.

“అగుపడ్డయి” అన్నాను.

ఆమె చెక్కు తీసిన కాయలు గంపలోకి జారవిడిచి, ఇంకో గంప ముందుకు లాక్కుంది. “అయితే మొత్తం ఎన్ని నావి? ఎవరన్న అడిగితె చెప్పనీకన్న ఉంటది” అని అడిగింది.

వెతుక్కోవాల్సిన పని లేదు నాకు. ఆ శుక్రవారం తర్వాత అరవై నిండేదాకా ఆమె ఇంకో ఏడాది చేసింది. ఆ ఏడాదిలో మొదటి నాలుగు నెలల గీతలు ఆయన పెట్టారు, తర్వాతవి నేను పెట్టాను, మూడు పూటలా వెళ్లి, కళ్లతో చూసి. ఆ ఏడాదివి 643 పూటలు. దానికి ముందు, గడువు నడిచిన తొమ్మిది నెలలవి 480. పాతవి 7,581. ముందు పూటలన్నీ కూడి, ఆఖర్న ఒక్కసారి భాగించాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుంది, మూడోసారి తనే పైకి అనుకుంది. యూనివర్సిటీ ఆమెకు రాసివ్వాల్సినవి, ఈ రోజు దాకా రాసివ్వనివి, రెండు వేల తొమ్మిది వందల ఒక్క రోజులు, ఒక పూట.